గ్రహణం మొర్రి: తప్పెవరిది?

'గ్రహణం మొర్రి' అనే మాట తెలుగు నేలపై ఏనాటి నుంచో వాడుకలో ఉంది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసినప్పుడు జనం ఆ పేరే పలుకుతారు. ఆ పేరులోనే ఒక ఆరోపణ దాగి ఉంది. అది వినపడగానే చుట్టూ ఉన్నవారి చూపు బిడ్డ మీద నుంచి తల్లి మీదికి మళ్లుతుంది. గ్రహణం నాడు ఆమె గడప దాటిందా? కత్తిపీట ముందు కూర్చుందా? సూది దారం పట్టిందా? పచ్చి బాలింత పక్క దిగక ముందే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఈ నమ్మకం ఇతరుల ఇళ్లలోనే ఉందనీ, కలిమా చదివిన మన ఇళ్లలోకి రాలేదనీ అనుకోవడానికి వీలు లేదు. గ్రహణం పట్టిన వేళ గర్భిణులను చీకటి గదిలో కూర్చోబెట్టి తలుపు గడియ వేసే ఆచారం మన ముహల్లాలలోనూ కొనసాగుతోంది. దానివల్ల ఒక కుటుంబం ఎంత వేదన అనుభవించిందో, ధర్మజ్ఞానమూ వైద్యమూ తోడై ఆ కుటుంబాన్ని ఎలా ఒడ్డుకు చేర్చాయో పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రమజానులో పుట్టిన పాప

నంద్యాల ప్రాంతానికి చెందిన ఆ కుటుంబాన్ని నేను చాలా కాలంగా ఎరుగుదును. తండ్రి మోటారు సైకిళ్ల మెకానిక్. బాల్యంలో మా మక్తబ్‌లోనే ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్నాడు. తల్లి ఇంటర్మీడియట్ వరకు చదివిన యువతి. అత్తగారు ఆమెకు స్వయానా మేనత్త. వారి అనుమతితోనే ఈ విషయాలు రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు. "పాప పెద్దదయ్యాక తన సంగతి తానే చెప్పుకుంటుంది" అన్నది తల్లి మాట.

2020 మే నెల. లాక్‌డౌన్ కారణంగా దేశమంతా స్తంభించి ఉంది. రమజాను మాసం సగానికి వచ్చినా మస్జిదులలో తరావీహ్ జమాఅతులు లేవు. అటువంటి రోజులలో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ దంపతులకు తొలి సంతానంగా ఆడబిడ్డ జన్మించింది. తండ్రి బిడ్డను చేతుల్లోకి తీసుకుని కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ పలికాడు. ఆ తర్వాతనే ముఖం మీది గుడ్డ తొలగించి చూశాడు. పై పెదవి ఎడమ వైపున ముక్కుపుటం దాకా చీలి ఉంది.

మూడో రోజు ఇంటికి వచ్చాక తాతగారు తహ్నీక్ చేయబోయారు. ఖర్జూరాన్ని మెత్తగా నమిలి, కాస్త గుజ్జును వేలికొనతో పసిబిడ్డ అంగిలికి రాయడం మన సంప్రదాయం కదా. ఆయన వేలికి అంగిలి తగలలేదు. అది ఉండవలసిన చోట ఖాళీ ఉంది, ఆ ఖాళీ ముక్కు లోపలి దాకా సాగింది. ఆయన వెంటనే వేలు వెనక్కి తీసుకున్నారు. తడి వేలిని బిడ్డ పెదవి అంచుకు అద్ది, దుఆ చేసి, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయారు. పెదవి మాత్రమే కాదు, అంగిలి కూడా చీలి ఉందని ఆ ఇంటివారికి తెలిసింది అప్పుడే.

తహ్నీక్ చేయడం పుణ్యకార్యం. దాన్ని వదిలివేస్తే పాపం లేదు. అంగిలి చీలిన బిడ్డ నోట్లో గుజ్జు గాని మరే పదార్థం గాని పెడితే అది ముక్కులోకో ఊపిరి గొట్టంలోకో పోయే ప్రమాదముంది. అటువంటప్పుడు దుఆతో సరిపెట్టుకోవడమే వివేకం. ఆ పెద్దాయన చేసినది సరైన పని.

నిద్ర కాదు, నీరసం

మొదటి రెండు వారాలు ఆ ఇంట్లో ఏమి జరుగుతున్నదో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. పాపను రొమ్ముకు పట్టిస్తే గంటసేపు చప్పరించేది. కొన్ని పాలు ముక్కులోంచి బయటికి కారేవి. తర్వాత కళ్లు మూసుకుని నిద్రపోయేది. "కడుపు నిండింది, నిమ్మళంగా పడుకుంది" అని నానమ్మ సంతోషించేది. పద్దెనిమిదో రోజున ఆశా కార్యకర్త వెంట వచ్చిన నర్సు బిడ్డను తూచి చూసింది. పుట్టినప్పుడు 2.6 కిలోలున్న పాప 2.35 కిలోలకు దిగింది. బిడ్డ నిద్రపోతున్నది కడుపు నిండి కాదు, చప్పరించి చప్పరించి అలసిపోయి అని నర్సు చెప్పినప్పుడు ఆ తల్లికి కాళ్ల కింద నేల కదిలినట్లయింది.

దీనిలోని కారణం గ్రహించడం కష్టం కాదు. పాలు పీల్చాలంటే నోటి లోపలి భాగం అన్ని వైపులా మూసుకుపోవాలి. పైన అంగిలి అనే కప్పు లేనప్పుడు గాలి ముక్కు గుండా చొరబడుతుంది, పీల్పుడు శక్తి పుట్టదు. పెదవి మాత్రమే చీలిన బిడ్డలలో చాలామంది కొద్దిపాటి సాయంతో తల్లి రొమ్మునే తాగగలరు. అంగిలి చీలిన బిడ్డలకు మాత్రం సాధారణంగా అది సాధ్యం కాదు.

నర్సు నేర్పిన విధానం ఇది. తల్లి తన పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండాలి. బిడ్డను పడుకోబెట్టకుండా, తల పైకి ఉండేలా ఒళ్లో ఏటవాలుగా కూర్చోబెట్టి పట్టుకోవాలి. కొద్దికొద్దిగా, చీలిక లేని వైపు నుంచి పాలు పోయాలి. నడుమ నడుమ ఆపి, భుజాన వేసుకుని తేన్పు రప్పించాలి. ఒక్కసారికి అరగంటకు మించి పట్టకూడదు, మించితే తాగిన శక్తి అంతా తాగడానికే ఖర్చవుతుంది. వారానికోసారి తూకం చూడాలి. ఇటువంటి పిల్లల కోసం తయారయ్యే మెత్తటి ప్రత్యేక సీసాలు ఉన్నాయి గాని, ఆ లాక్‌డౌన్ రోజుల్లో అవి ఆ ఊరికి రాలేదు.

అప్పుడు నానమ్మ అటక మీది ఇనప్పెట్టె దింపించి, తన కొడుకులను పెంచిన ఉగ్గుగిన్నెను వెతికి తీసింది. దాన్ని మరిగే నీళ్లలో వేసి శుభ్రం చేసింది. ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెతో పాలు పట్టడంలో ఆమెకున్న నేర్పు కోడలికి లేదు. రాత్రి రెండు గంటలకు ఒకరు పాలు పిండితే మరొకరు పట్టేవారు. ఈద్ వెళ్లిన రెండో వారానికి పాప తూకం పుట్టినప్పటి తూకాన్ని దాటింది.

తన రొమ్మున బిడ్డకు పాలివ్వలేకపోయానన్న బాధ ఆ తల్లిని చాలా కాలం వేధించింది. ఖుర్ఆన్‌లో సూరె బఖరా పాలిచ్చే తల్లుల ప్రస్తావన చేసిన చోటనే, ఎవరిపైనా వారి శక్తికి మించిన భారం వేయబడదని తెలియజేస్తుంది. రొమ్ము నుంచి తాగినా గిన్నెతో తాగినా అది తల్లి పాలే, అది బిడ్డ హక్కే. ఆ హక్కును ఆమె అర్ధరాత్రి మేలుకుని, కన్నీళ్లతో చెల్లించింది. అల్లాహ్ దగ్గర ఆ శ్రమ వృథా కాదు.

"మరి తప్పెవరిది, మౌల్వీ సాబ్?"

ఉగ్గుగిన్నె పట్టిన అదే నానమ్మ పగటిపూట మరో విధంగా ఉండేది. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం వచ్చింది. ఆ ఉదయం కోడలు వంటింట్లో కూర్చుని వంకాయలు కోసిందట. "నేను చెప్పాను, వినలేదు" అన్న మాట రోజుకు ఒకసారైనా ఆమె నోట వచ్చేది. కోడలు ఎదురు చెప్పేది కాదు. తానే బిడ్డ ముఖాన్ని కోసినట్లు నమ్మసాగింది. పుట్టింటికి వెళ్లిపోతానని భర్తతో అన్నది. చూడవచ్చిన వారికి బిడ్డ ముఖం కనపడకుండా కప్పేది. అఖీఖా కూడా వాయిదా పడింది.

జూన్ నెలలో మస్జిదులు తెరుచుకున్న తర్వాత, ఆ యువకుడు తల్లిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "హజ్రత్, మీరే మా అమ్మీకి చెప్పండి" అన్నాడు.

నేను ఆమెకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట జరిగిన సంఘటన వినిపించాను. హిజ్రీ పదో సంవత్సరంలో ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం కన్నుమూశాడు. హజ్రత్ మారియా (రజి) కడుపున పుట్టిన ఆ బాలుడికి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అదే రోజున సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ప్రవక్త కుమారుడి మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని మదీనా ప్రజలు చెప్పుకోసాగారు. వేరొక నాయకుడైతే ఆ మాటను తన గొప్పతనానికి సాక్ష్యంగా వాడుకునేవాడు. దైవప్రవక్త (స) అలా చేయలేదు. పుత్రశోకంలో ఉండి కూడా ప్రజలను సమావేశపరచి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోనివనీ, ఎవరి మరణం వల్ల గాని ఎవరి జననం వల్ల గాని వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. గ్రహణం చూసినప్పుడు నమాజు చేయమని, దుఆ చేయమని ఆదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఆమె శ్రద్ధగా విన్నది. చాలాసేపు మౌనంగా ఉండి, "మరి తప్పెవరిది, మౌల్వీ సాబ్?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో కోడలి మీద ద్వేషం నాకు కనిపించలేదు. కష్టం వచ్చినప్పుడు దానికొక కారకుణ్ణి వెతకడం మనిషి బలహీనత. కారకుడు దొరికితే గుండె బరువు సగం దిగినట్లుంటుంది. ఆ సగం బరువు ఇంకొకరి గుండె మీద పడుతున్న సంగతి మాత్రం తెలియదు. "ఎవరి తప్పూ లేదమ్మా" అన్నాను. "దైవప్రవక్త (స) ఇంట పసిబిడ్డ మరణించినప్పుడు కూడా అది ఎవరి తప్పూ కాదు. ఆయన కన్నీరు కార్చారు. కళ్లు చెమర్చుతాయి, మనసు దుఃఖిస్తుంది, కాని ప్రభువుకు ఇష్టం లేని మాట మాత్రం నోట రానివ్వమని చెప్పారు. మీరూ ఏడవండి. మాట దగ్గర మాత్రం జాగ్రత్తపడండి."

వైద్యులు చెప్పే లెక్క కూడా ఇక్కడ తెలుసుకోవాలి. గర్భంలో శిశువు ముఖం వేర్వేరు భాగాలుగా మొదలై, అవి రెండు పక్కల నుంచి వచ్చి నడుమ కలుసుకోవడం వల్ల ఏర్పడుతుంది. పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల నడుమ రూపుదిద్దుకుంటాయి. ఆ కలయిక ఎక్కడైనా పూర్తికాకపోతే అక్కడ చీలిక మిగిలిపోతుంది. ఈ కోడలికి డిసెంబరు గ్రహణం నాటికి అయిదో నెల. పాప పెదవి, అంగిలి ఏర్పడే దశ ముగిసి అప్పటికి రెండు నెలలు దాటింది. ఆ రోజు ఆమె వంకాయలు కోసినా, కోయకపోయినా జరగవలసినది ముందే జరిగిపోయింది.

ఇటువంటి చీలికలు ప్రపంచవ్యాప్తంగా సుమారు 700 జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తాయి. చాలా సందర్భాలలో ఇదీ కారణమని ఒక్కదాన్ని వేలెత్తి చూపలేము. వంశపారంపర్యం కొంత, గర్భిణి ఆరోగ్యం కొంత కలిసి పనిచేస్తాయి. తల్లి పొగాకు వాడకం, గర్భానికి ముందే ఉన్న మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ముప్పును పెంచుతాయని తేలింది. మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా మానకూడదు, గర్భం ధరించే ముందే వైద్యులతో మాట్లాడాలి.

ఆ జూన్ 21న, ఆదివారం, మళ్లీ సూర్యగ్రహణం వచ్చింది. ఆ ఇంట్లో ఎవరినీ గదిలో పెట్టి గడియ వేయలేదు. అందరూ కుసూఫ్ నమాజు చేసుకున్నారు. నమాజు ముగించి లేచిన నానమ్మ ఉగ్గుగిన్నె కడిగి కోడలి చేతికిచ్చింది. "పాపకు పాల వేళయింది" అన్నది. అంతకు మించి క్షమాపణ ఏదీ ఆమె చెప్పలేదు, కోడలు అడగలేదు.

సృష్టిని మార్చడమా?

తదుపరి చిక్కు ధర్మానికి సంబంధించింది. శస్త్రచికిత్స చేయించాలని నిర్ణయించాక, కుటుంబంలోని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఆయన నమాజు, రోజాలను నిష్ఠగా పాటించే వ్యక్తి. "అల్లాహ్ ఇచ్చిన ముఖాన్ని కత్తితో మార్చడం సృష్టిని మార్చడమే కదా? సూరె నిసాలో షైతాన్ ఇటువంటి పనికే మనుషులను పురికొల్పుతానని శపథం చేశాడు కదా? సహనం వహించడమే ఈమాన్" అన్నది ఆయన వాదం. ఆ మాట విన్న తండ్రి ఆసుపత్రికి ఫోన్ చేయడం మానేశాడు. ఈ సందేహం నిజాయితీగా కలిగేదే గనుక దీన్ని కాస్త వివరంగా చూడాలి.

మొదటిది, వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆజ్ఞ. వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు వచ్చి అడిగినప్పుడు, చేయించుకోండి అని ఆయన సమాధానమిచ్చారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని వివరించారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది.

రెండోది, మన విషయానికి మరింత దగ్గరిది. అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీ ముక్కు ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు చేయించుకుని అమర్చుకున్నారు. అది దుర్వాసన పట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారంతో ముక్కు చేయించుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమన్న విషయం మనందరికీ తెలిసినదే. అయినా ముఖంలోని లోపాన్ని సరిచేయడం కోసం ఆ సహాబీకి అనుమతి లభించింది. ముఖాకృతిని బాగుచేసుకోవడం ధర్మవిరుద్ధమే అయితే ఆ అనుమతి ఎలా లభించేది?

మూడోది, దైవప్రవక్త (స) శపించినది అందం కోసమే పళ్ల నడుమ సందులు చేయించుకోవడం వంటి పనులను. ఆ హదీసులో 'అందం కోసం' అన్న షరతు ఉందనీ, చికిత్స కోసమో లోపాన్ని తొలగించడం కోసమో అయితే దోషం లేదనీ ధర్మవేత్తలు వివరించారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007 జూలైలో మలేసియాలోని పుత్రజయలో జరిపిన 18వ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించి, పుట్టుకతో వచ్చిన లోపాలను శస్త్రచికిత్స ద్వారా సరిచేయడం ధర్మసమ్మతమని తీర్మానించింది. దానికి ఉదాహరణగా చీలిన పెదవినే పేర్కొంది.

ఇక సహనం మాట. సహనం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. విధివ్రాతను నమ్మినవాడే వైద్యుని వాకిలి తట్టాలి, ఎందుకంటే ఆ వాకిలి కూడా విధివ్రాతలోనిదే. పైగా ఇది అందచందాల సమస్య మాత్రమే అనుకోవడం సరికాదు. అంగిలి మూయకపోతే ఆ బిడ్డ తిన్నది ముక్కులోకి వస్తుంది, పలికిన మాట ఎవరికీ అర్థం కాదు. బాగుచేయగలిగి ఉండీ ఒక పసిప్రాణాన్ని జీవితాంతం ఆ స్థితిలో ఉంచే హక్కు తల్లిదండ్రులకు గాని పెద్దలకు గాని ఎవరిచ్చారు? ఈ వివరణ విన్నాక ఆ పెద్దాయన తన మాట వెనక్కి తీసుకున్నారు. హైదరాబాదు ప్రయాణపు ఖర్చులో సగం తానే పెట్టుకున్నారు.

రెండు శస్త్రచికిత్సలు

పెదవి శస్త్రచికిత్సకు వైద్యులు పూర్వం నుంచీ పదుల సూత్రం ఒకటి పాటిస్తున్నారు. బిడ్డకు 10 వారాల వయసు, 10 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోల తూకం, రక్తంలో 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో ఈ శస్త్రచికిత్స చేస్తారు. కరోనా మూలంగా అత్యవసరం కాని శస్త్రచికిత్సలు ఆగిపోయినందున ఈ పాపకు ఆరు నెలలు నిండాక, 2020 నవంబరులో జరిగింది. అఖీఖాను అంతకు ముందే, బిడ్డ ముఖం మీద గుడ్డ కప్పకుండా, బంధువుల మధ్య జరిపించారు. పెదవి కుట్టేదాకా ఆగుదామని కొందరు సలహా ఇస్తే, "అఖీఖా బిడ్డ పుట్టినందుకు చేసే కృతజ్ఞత, పెదవి కలిసినందుకు కాదు" అని తాతగారే తేల్చి చెప్పారు.

శస్త్రచికిత్స తర్వాతి రోజులు తేలికగా గడవలేదు. కుట్లను గీరుకోకుండా పాప మోచేతులకు మెత్తటి గుడ్డ చుట్టిన అట్టలు కట్టారు. బొటనవేలు నోట్లో పెట్టుకోలేక ఆమె రాత్రంతా ఏడ్చేది. విచిత్రమేమిటంటే, కట్టు విప్పిన రోజున తల్లి కూడా ఏడ్చింది. ఆరు నెలలుగా తాను ముద్దాడిన నవ్వు మారిపోయిందట. ఈ అనుభవం చాలామంది తల్లులకు కలుగుతుందని అక్కడి నర్సు ఆమెను ఓదార్చింది.

అంగిలిని సాధారణంగా బిడ్డకు మాటలు వచ్చే ముందు, ఏడాది వయసు అటూ ఇటూగా మూస్తారు. కరోనా రెండో అల వల్ల అదీ ఆలస్యమై 2021 చివర్లో జరిగింది. ఆ రెండింటికీ ఆ తండ్రి ఆసుపత్రికి రూపాయి కట్టలేదు. 1999లో అమెరికాలో స్థాపితమైన స్మైల్ ట్రెయిన్ సంస్థ మన దేశంలోని అనేక ఆసుపత్రుల ద్వారా ఈ శస్త్రచికిత్సలను ఉచితంగా చేయిస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కూడా మొర్రి చేరి ఉంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అవసరమైనవారిని జిల్లా కేంద్రానికి పంపి, చికిత్స ఉచితంగా అందేలా చూస్తాయి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలు దీనికి అర్హులు.

అయితే శస్త్రచికిత్సతోనే అంతా ముగిసిందనుకోరాదు. అంగిలి చీలిన పిల్లలకు చెవి లోపల నీరు చేరి వినికిడి మందగించడం తరచుగా జరుగుతుంది, కనుక వినికిడి పరీక్షలు చేయిస్తూ ఉండాలి. పళ్లు వంకరగా రావచ్చు. చిగురు ఎముకలో చీలిక ఉంటే ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయసులో అక్కడ ఎముక అమర్చవలసి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మాట.

బా, మీమ్

పాప నాలుగేళ్ల వయసులో మా మక్తబ్‌కు వచ్చింది. ఖాయిదా తెరిచి తొలి పాఠం మొదలుపెట్టాం. నేను "బిస్మిల్లాహ్" అన్నాను. ఆమె "మిస్మిల్లాహ్" అన్నది.

తజ్వీద్ తెలిసినవారికి ఇందులోని రహస్యం వెంటనే బోధపడుతుంది. బా, మీమ్ రెండూ పెదవులు మూసి పలికే అక్షరాలు. మఖ్రజ్ ఒక్కటే. తేడా గున్నాలో ఉంది. మీమ్‌కు ముక్కు గుండా ధ్వని సాగాలి, బాకు సాగకూడదు. ఆ సాగకుండా అడ్డుకునే తలుపు అంగిలి వెనుక భాగంలోని మెత్తటి కండ. అంగిలి చీలి పుట్టినవారిలో, కుట్టిన తర్వాత కూడా ఆ తలుపు పూర్తిగా మూసుకోవడం అలవాటు కావలసి ఉంటుంది. అంతవరకూ గాలి ముక్కులోకి జారి, బా మీమ్‌గా, దాల్ నూన్‌గా వినిపిస్తాయి. కర్నూలులో మాట వైద్యం చేసే ఆమె చెప్పినది కూడా ఇదే. ఆమె పాప ముక్కు కింద చిన్న అద్దం పట్టి 'బా బా' అనిపించేది. అద్దం మసకబారితే గాలి ముక్కులోంచి వచ్చినట్లు, బారకపోతే అక్షరం సరిగా పలికినట్లు. ఇంట్లోనూ మక్తబ్‌లోనూ రోజూ పది నిమిషాలు మేమూ అదే చేశాం. పాపకు అదొక ఆట.

మొదట్లో ఇద్దరు పిల్లలు ఆమెను 'మొర్రి' అని పిలిచారు. ఒకరినొకరు ఎగతాళి చేయరాదని, చెడ్డ పేర్లతో పిలుచుకోరాదని సూరె హుజురాత్ విధించిన ఆజ్ఞను ఆ రోజే తరగతి అంతటికీ పాఠంగా చెప్పాను. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ చదివేవారికి రెండింతల పుణ్యం లభిస్తుందన్న హదీసు కూడా వినిపించాను. అది విన్న ఒక కుర్రాడు, "అయితే ఆమెకు మాకంటే ఎక్కువ వస్తుందా హజ్రత్?" అని అడిగాడు. అవునన్నాను. తర్వాత ఆ పేరు మా తరగతిలో వినపడలేదు.

మూసా ప్రవక్త (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని, తన మాట జనానికి అర్థమయ్యేలా చేయమని అల్లాహ్‌ను వేడుకున్న వైనం సూరె తాహాలో ఉంది. ఆ దుఆను ఆ తల్లి ప్రతి పూటా బిడ్డ చేత చదివిస్తుంది. ఈ సంవత్సరం పాపకు ఆరో ఏడు. సూరె ఫాతిహా, చివరి పది సూరాలు కంఠతా వచ్చు. 'బిస్మిల్లాహ్' లోని బా స్పష్టంగా బాయే. ఖాఫ్, కాఫ్ ఇంకా సాధన చేయవలసి ఉంది. పరిపూర్ణంగా వస్తాయో లేదో అల్లాహ్‌కే ఎరుక. శక్తికొలదీ ప్రయత్నించిన తర్వాత కూడా ఒక అక్షరం నోటికి రాని వ్యక్తి నమాజుకు లోటు లేదని మన ధర్మవేత్తలు ఏనాడో చెప్పి ఉన్నారు.

మనం చేయవలసినవి

ఇటువంటి బిడ్డ మన ఇంట, మన ముహల్లాలో జన్మించినప్పుడు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి.

తల్లిని ప్రశ్నించకండి. గ్రహణం, కత్తిపీట, సూది అన్న మాటలు మీ నోట రానివ్వకండి. ముబారక్ చెప్పండి, బిడ్డను ఎత్తుకోండి, పేరు పెట్టి పిలవండి.

మొదటి వారంలోనే బిడ్డకు పాలు అందుతున్నాయో లేదో తూకం ద్వారా తెలుసుకోండి. నిద్రను చూసి నిశ్చింత పడకండి. పాలు పట్టే విధానాన్ని ఆసుపత్రి నర్సు దగ్గర చేతులతో చేసి నేర్చుకోండి.

పెదవితో పాటు అంగిలిని కూడా వైద్యుల చేత చూపించండి. అంగిలి చీలిక బయటికి కనపడదు. శస్త్రచికిత్సను "పెద్దయ్యాక చూద్దాం" అని వాయిదా వేయకండి, ఆలస్యమైన కొద్దీ మాట మీద దాని ప్రభావం పెరుగుతుంది.

తర్వాతి కాన్పుకు ముందే వైద్య సలహా తీసుకోండి. ఒక బిడ్డకు చీలిక ఉన్నప్పుడు తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సాధారణంగా నూటికి 3 నుంచి 5 వరకు ఉంటుందని వైద్యులు చెబుతారు. అంటే నూటికి తొంభై అయిదు మంది ఏ లోపమూ లేకుండా పుడతారు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడడం, పొగాకును ఇంటి దరిదాపులకు రానివ్వకపోవడం ప్రతి కుటుంబానికీ మేలు. పొగ తాగే మగవారు కూడా ఈ మాట తమకే అనుకోవాలి.

మస్జిదు కమిటీలకు ఒక విన్నపం. శస్త్రచికిత్స ఉచితమే. కాని రానుపోను చార్జీలు, పట్నంలో ఉండే రోజుల తిండి, ఆగిపోయిన కూలి ఉచితం కావు. చాలామంది పేదలు ఆగిపోయేది అక్కడే. అర్హులైన అటువంటి తల్లిదండ్రులకు జకాత్ ధనం ఇవ్వడానికి ధర్మంలో ఏ ఆటంకమూ లేదు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ కుసూఫ్ నమాజు తర్వాత, దైవప్రవక్త (స) కుమారుడి సంఘటనను జమాఅతుకు వినిపించవలసిందిగా ఇమాములను కోరుతున్నాను. ఆ నాలుగు మాటలు వెనుక వరుసలోని ఒక అత్తగారి చెవిన పడితే చాలు, ఏదో ఒక ఇంట ఒక కోడలి మీది నింద తొలగిపోతుంది.

అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని, వారి తల్లులకు ఊరటను, మన నాలుకలకు మంచి మాటను ప్రసాదించుగాక. ఆమీన్.